వినోదమును హింసయు

వినోదమునకు కూడ ధర్మాధర్మ విచారణ యెందుకని చదువరులలో కొందరు అడుగవచ్చును. వర్తకుడు తూకములో మోసము చేసినను, ఉద్యోగి లంచము పుచ్చుకొన్నను మనము వెంటనే తప్పు పట్టుదుము. కాని సెలవునాడు ఒక గృహస్థు ప్రొద్దు పుచ్చుటకై చేయు పనిని పరీక్షించుట మర్యాద కాదని తలతుము. పని పదుగురికి సంబంధించినది, ఆట తనకు మాత్రమే సంబంధించినది అని మన లోపలి నమ్మకము. నేనును మొన్నమొన్నటి వరకు అట్లే నమ్మియుంటిని. ఒక గాలపుకఱ్ఱ మా యింటికి వచ్చి యా నమ్మకమును కదల్చినది. దానిని పంపిన పూర్వవిద్యార్థి “కఱ్ఱ ఎలా ఉంది మేష్టారూ?” అని యుత్తరములో అడిగియున్నాడు. ఆ చిన్న ప్రశ్నకు మూడు వారములు ప్రత్యుత్తరము వ్రాయలేకపోయితిని. వ్రాయలేకపోవుటకు కారణమే యీ వ్యాసము.

నేను సామర్లకోటలో పెరిగినవాడను. 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట మూలమున ఏర్పడిన కాలువలలో నొకటి మా యూరిమీదుగా కాకినాడ వైపు పోవుచున్నది. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు లోతుపట్టున నిలిచిన నీటిలో చేపలు గుమిగూడును. జాలరి యింటి బాలుడొకడు నాకు స్నేహితుడు. వాడు వెదురుకొమ్మకు దారము కట్టి, జీలుగుబెండు ముక్కను దారమునకు గ్రుచ్చి, గాలమునకు వానపామును తగిలించి నాకు చేపలు పట్టుట నేర్పెను. వాడు పట్టిన జెల్లలును పరిగెలును సాయంకాలమునకు వాని తల్లి కూరకుండలోనికి పోయెడివి. నేను పట్టినవియు వానికే యిచ్చి, కాలువలో మునిగి, మా నాయనమ్మ కంటబడకుండ దొడ్డిదారిని ఇల్లు చేరుచుంటిని. ఈ కథ నెప్పుడో తరగతిలో చెప్పియుందును. ఇంగ్లండులో ఉద్యోగము చేయుచున్న మా విద్యార్థి దానిని మఱవక, సెలవులకు వచ్చినప్పుడు ఒక క్రొత్త కఱ్ఱను తెచ్చి, “మీ వెదురుకఱ్ఱకు మనుమరాలు” అని చీటీ వ్రాసి మా యింట నుంచి పోయెను.

ఆ మనుమరాలి వైభవము చెప్పతగినదే. పొడవు 15 అడుగులు. మూడు తునకలు, ఒకదానిలో నొకటి చొప్పించినచో అతుకు తెలియదు. కార్బను పోగులతో చేయబడినదగుటచే అంత పొడవైనను మణికట్టునకు బరువు తోచదు. విద్యుత్తు దానిగుండ ప్రవహించును గనుక తీగెల క్రింద నెత్తరాదని దానిమీదనే ముద్రించియున్నది. పిడికి దగ్గర దారము చుట్టు చక్రము. కొనవరకు చిన్న ఉంగరములు. వాని గుండ సన్నని నైలాను దారము. ఇంత పొడవెందుకనగా, కొన యెత్తుగ నుండుటచే దారము నీటిమీద పడి గాలికి కొట్టుకొనిపోదు. బెండు మనము వేసినచోటనే నిలుచును. అంతకంటె ముఖ్యమైన ప్రయోజనము మఱియొకటి యున్నది. చేప చిక్కి పరుగెత్తునప్పుడు ఈ పొడవైన కఱ్ఱ విల్లువలె వంగి ప్రతి కుదుపును తనలో నిముడ్చుకొనును. సన్నని దారము తెగదు; చేప మాత్రము లాగి లాగి తన బలముతోనే తాను అలసిపోవును. ఈ మాట చదువరులు గుర్తుంచుకొనవలెను.

మాఘమాసములో నొక ఆదివారము తెల్లవాఱుచుండగా కఱ్ఱ తీసికొని ఊరికి రెండు క్రోసుల దూరమున నున్న ఒక చెఱువునకు పోయితిని. అది నాకు తెలిసినవారొకరు కవులునకు తీసికొని చేపలు పెంచుచున్న చెఱువు. వారి యనుమతి ముందుగనే పొందితిని. అందులో బొచ్చెలు, శీలావతులు, ఎఱ్ఱమోసులు గలవు. చెఱువును కనిపెట్టియుండు వృద్ధుడు, కులవృత్తిచే జాలరి, చిల్లులు గల సంచులలో తవుడును చెక్కయు నింపి, నీటిలో పాతిన కఱ్ఱలకు వరుసగా కట్టుచుండెను. మన కోనసీమ మొదలు కొల్లేటి వరకు చెఱువులలో మేత పెట్టు విధాన మిదియే. చేపలు ఆ వేళ నెఱిగి సంచులవద్దకు వచ్చి చిల్లులకు నోళ్లానించి మేత పీల్చుకొనును. పడవ చప్పుడు వినగానే నీరు కదలుట నేను కన్నులార చూచితిని. గట్టుకు దగ్గరి సంచి ప్రక్కనే తవుడుముద్ద గ్రుచ్చిన గాలమును వేసితిని. పది నిమిషములైన గడువలేదు. బెండు రెండుమార్లు తల యూచి మునిగిపోయెను.

ఇక జరిగినది దాచక చెప్పవలెను. కఱ్ఱ వంగినది. చక్రము గిరగిర తిరిగినది. దారము నీటిని కోయుచు చెఱువు నడుమకు పోయినది. ఆ క్షణమున నా వయసు, నా యుద్యోగము, ఇంట్లోని చీకాకులు, సర్వమును మఱచితిని. చేయి వణకుచుండెను, నోట నవ్వు నిలువకుండెను. చేప గట్టునకు వచ్చును. నన్ను చూచి మరల పరుగెత్తును. అది మరల పరుగెత్తిన ప్రతిమాఱును నాకు సంతోషము. తొందరగా చిక్కిపోవునేమో యను భయము కూడ కలిగినది. కొంతసేపటికి అది ప్రక్కకు ఒరిగినది. వృద్ధుడు చేతివలతో దానిని గట్టెక్కించెను.

“శీలావతండి మేష్టారూ. రెండు కిలోలు తూగుద్దండి,” అనెను. పిదప గాలము తీయుచు, “తమరు తింటారాండీ?” అని యడిగెను.

“తినను.”

“పోనీ, ఎవరికైనా ఇత్తారాండీ?”

“లేదు. వదిలేస్తాను.”

వృద్ధుడు నావంక చూచెను. ఆ చూపులో ఎత్తిపొడుపు లేదు. నిజముగా తెలియక అడుగుచున్న బాలుని చూపువలె నుండెను. “మరెందుకు పట్టినట్టండీ?” అనెను.

నేను తడుముకొంటిని. చేపను నీటిలో విడిచితిమి. అది కొంతసేపు వెల్లకిల పడియుండి మెల్లగా మునిగిపోయెను. వృద్ధుడు తన చేతికంటుకొన్న పొలుసులను చూపి, “పొలుసు లేసిపోయిందండి. అక్కడ పుండు పడుద్దండి. అదొక్కటే పోతే పర్లేదు, పక్కవాటికి కూడా అంటుకుంటాదండి,” అని చెప్పి, మిగిలిన సంచులు కట్టుటకు పోయెను. నేను కఱ్ఱను మూడు తునకలుగా విడదీసి యింటికి వచ్చితిని.

“మరెందుకు పట్టినట్టు?” ఇదియే ప్రశ్న. దీనికి లోకములో ఉత్తరములు లేకపోలేదు.

మొదటి యుత్తరము: ఇది ప్రాచీనమైన, సభ్యమైన వినోదము. నిజమే. 1127 మొదలు 1138 వరకు రాజ్యమేలిన కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుని పేర వెలసిన మానసోల్లాసమను సంస్కృత గ్రంథమున మత్స్యవినోదమను భాగమే కలదు. ఏ చేప కేమేత ప్రియమో, గాల మెట్లు వేయవలెనో అందు వివరింపబడినది. ఇంగ్లండున 1653లో ఐజాక్ వాల్టను గాలపువేటను శాంతచిత్తుల విహారముగా వర్ణించి గ్రంథము వ్రాయగా, పిమ్మట కవి బైరను ఆయనను క్రూరుడని తన కావ్యములో నిందించెను. కాని ప్రాచీనతయే ప్రమాణమైనచో మన సంఘములో ఏ దురాచారమును సంస్కరింప వీలుండదు. పైగా ప్రాచీనులలో మఱియొక రాజును గలడు. అశోకుడు తన యెనిమిదవ శిలాశాసనమున, పూర్వరాజులు వేట మొదలగు వినోదములతో విహారయాత్రలు చేయుచుండిరనియు, తాను పట్టాభిషేకమైన పదియేండ్లకు వానికి మాఱుగా ధర్మయాత్రలు మొదలుపెట్టితిననియు చెప్పెను. ఆ శాసనము మన కర్నూలు మండలములోని యెఱ్ఱగుడి కొండమీద నేటికిని చూడవచ్చును. అదే శాసనముల వరుసలో, తన వంటశాలలో ఇంకను రెండు నెమళ్లును ఒక లేడియు చంపబడుచున్నవని ఆయన దాచక యొప్పుకొనెను. శాసనములను బట్టి చూడగా, వంటశాలలోని హింస పూర్తిగా ఆగకముందే ఆయన విడిచినది వినోదహింస. అశోకుడు చేపలు పట్టువారి వృత్తిని రద్దు చేయలేదు. ఇరువదియాఱేండ్లు గడచిన పిదప వేయించిన అయిదవ స్తంభశాసనములో కొన్ని నియమితదినములందు మాత్రము చేపలను చంపుటయు అమ్ముటయు నిషేధించెను. ఆకలిని క్రమముగా సవరింపవలసియున్నది. వినోదమును మానుటకు మాత్రము మఱునాటి వరకు వేచియుండ నక్కఱలేదు.

రెండవ యుత్తరము: చేపకు నొప్పి తెలియదు. దీనిపై శాస్త్రజ్ఞులలో వాదము నడచుచున్నది. 2003లో బ్రిటనులో లిన్ స్నెడన్ మొదలగు పరిశోధకులు ట్రౌటు చేపల మోముపైన, పెదవులచుట్టు బాధను గ్రహించు నాడులున్నవని చూపిరి. చేప మెదడు మన మెదడువంటిది కాదు గనుక ఆ నాడుల స్పందనను మనము బాధ యనరాదని వేఱు కొందరు వాదించిరి. ఈ వాదమును నేను తీర్చువాడను కాను. అయినను సందేహమున్నచోట దాని లాభ మెవరికి దక్కవలెను? నేను తప్పినచో నాకు పోవునది ఒక యాదివారపు సరదా. చేప విషయమున తప్పినచో దానికి కలుగునది ప్రాణసంకటము. రెండు వైపుల నష్టము లింత భిన్నమైనప్పుడు, సందేహఫలమును బలవంతుడు తీసికొనుట న్యాయము కాదు.

మూడవ యుత్తరము: పట్టి విడిచిపెట్టినచో పాపము లేదు. నేనును నాటి యుదయమున దీనినే నమ్ముకొంటిని. వృద్ధుని చేతికంటిన పొలుసులు ఆ నమ్మకమును తొలగించినవి. ఇంకొక మాట. స్విట్జర్లాండులో 2008లో చేసిన జంతురక్షణ నియమములు, విడిచిపెట్టవలెనను ఉద్దేశముతోనే చేపను పట్టుటను నిషేధించినవి. తినుటకు పట్టవచ్చును, విడుచుటకు పట్టరాదు! వినగానే తలక్రిందుగా తోచును. కాని ఆలోచించినచో వృద్ధుని ప్రశ్నయే ఆ నియమములో నున్నది. ఆకలి కొఱకు కలిగించు బాధకు ఏదో యొక కారణము చెప్పవచ్చును. విడుచుటకే పట్టినప్పుడు ఆ బాధకు బాధ తప్ప వేఱు ప్రయోజనము లేదు.

నాలుగవ యుత్తరము బలమైనది: గాలము వేయువారే నదులను కాపాడుచున్నారు. ఇంగ్లండులో 1948లో ఏర్పడిన గాలరుల సహకార సంఘపు అండతో డర్బీ పట్టణపు గాలరులు, డెర్వెంటు నదిని మురికి చేయుచున్న కర్మాగారముపైనను పురపాలక సంస్థపైనను వ్యాజ్యము నడపి, 1952లో అప్పీలు కోర్టులోను గెలిచిరి. నదిని ప్రేమించువా రెవరో చూడవలెనన్నచో ఇది గొప్ప నిదర్శనము. ఇట్టివారిని నేను నిందింపజాలను. కాని మేత పెట్టి పెంచిన చెఱువులో నేను వేసిన గాలము ఏ నదిని కాపాడినది? అక్కడ నా నేర్పు మాత్ర మేమున్నది? వృద్ధుడు ప్రతిదినము పెట్టు మేతను నమ్మి వచ్చిన చేప, ఆ నమ్మకము మూలముననే నాకు చిక్కినది. కోనేటి మెట్లమీద కూర్చుండి చేపలకు మరమరాలు చల్లి పుణ్యమనుకొనుచున్నాము. ఆ మరమరాలలో ఒక ముల్లు దాచినచో దాని పేరేమి?

ఈ చేపలు మనము పుట్టించినవే గనుక వానిపై మనకు సర్వాధికార మున్నదని కొందరందురు. వానిని మనము పుట్టించితిమనుట నిజమే. 1957 జూలై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పీయూషగ్రంథి రసమును సూదితో ఎక్కించి చేపలచే గ్రుడ్లు పెట్టించుటలో కృతార్థుడయ్యెను. అంతకు పూర్వము వరదలలో నదినుండి పిల్లలను పట్టి చెఱువులలో వేయుచుండిరి. నేడు చెఱువుచేపలలో చాలవరకు నదిని ఎఱుగనివే. కాని పుట్టించుటవలన పెరుగునది అధికారమా, బాధ్యతయా? పిల్లలను కన్నవారికిని, వారికి చదువు చెప్పువారికిని ఈ ప్రశ్నకు ఉత్తరము వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇంతకును నన్ను మిక్కిలి బాధించినది మఱియొకటి. నేను పుట్టుకచేత మీను తినని యింటివాడను; అందులో నా గొప్ప యేమియు లేదు. కాని ఆ పుట్టుకతోపాటు, చేపలు పట్టి బ్రతుకువారు కొంచెము కఠినహృదయులను భావము కూడ నాకు తెలియకుండ నాలో చేరియున్నది. శాకుంతలము ఆఱవ యంకములో రోహితమత్స్యము కడుపున ఉంగరము దొరకిన జాలరిని భటులు ఇట్లే వెక్కిరింతురు. ఆ రోహితమే మన శీలావతి. ఆ నాటకమును తరగతిలో నెన్నియో మార్లు చెప్పితిని. భటుల వెక్కిరింతలో నా గొంతు కూడ నున్నదని ఏనాడును అనుమానింపలేదు.

చెఱువు గట్టున ఆ వృద్ధుని ప్రక్కన నన్ను నిలిపి చూచుకొంటిని. అతడు వల వేసిన దినమున వేలకొలది చేపలు చచ్చును. అవి సుఖముగా చచ్చునని నేననను. మంచుపెట్టెలలో కొట్టుకొనుచు చచ్చును. అయినను అతడు కోరునదేమి? పని త్వరగా కావలెను, వల త్వరగా గట్టెక్కవలెను. చేప తన్నుకొనుట అతనికి కష్టమే కాని ఫలము కాదు. అది తన్నుకొనకుండ చిక్కినచో అతడు సంతోషించును. నేనో? అది త్వరగా అలసిపోవునేమోయని భయపడితిని. అది ఎంతసేపు పెనుగులాడిన నాకంత లాభము. దారము తెగకుండ ఆ పెనుగులాటను పొడిగించుటకే ఆ కఱ్ఱకు 15 అడుగుల పొడవును, ఆ వంపును కల్పింపబడినవి. జాలరికి జీవి బాధ పనిలోని ఖర్చు. నాకు అది పనియొక్క ఫలము. ఇక మా యిరువురిలో కఠినహృదయు డెవడు?

ఇదే సంక్రాంతికి ముందు మా తరగతిలో కోడిపందెములను ఖండించి ఒక గంట యుపన్యసించితిని. అవి 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమునకు విరుద్ధములని, చూచి యానందించుట సిగ్గుచేటని చెప్పితిని. పిల్లలు వినిరి. ఆ చట్టములో జంతువనగా మనుష్యుడు గాక తక్కిన ప్రతి ప్రాణియు అని అర్థము చెప్పబడియున్నదని కూడ వారికి నేనే చెప్పితిని. కోడికాలికి కట్టిన కత్తి కంటికి కనబడును. నీటిలోని గాలము కనబడదు. బరిలో కేకలు వినబడును. చేపకు కేక లేదు. మన దయ మనకు కనబడు రక్తమును, వినబడు ఏడ్పును మాత్రమే యెఱిగినదైనచో అది దయ కాదు, మన కన్నులకును చెవులకును సుఖము కోరుట మాత్రమే.

మహాభారతములోని అనుశాసనపర్వమున చ్యవనమహర్షి కథ కలదు. ఆయన గంగాయమునల సంగమమున పండ్రెండేండ్లు నీటిలో వ్రతముండెను. చేపలు ఆయనను నమ్మి చుట్టును తిరుగుచుండెను. ఒకనాడు జాలరులు వల లాగగా చేపలతోపాటు మహర్షియు గట్టెక్కెను. వారు భయపడి క్షమింపుమని వేడుకొనిరి. ఆయన వారిని శపింపలేదు. తనతో కలిసి వసించిన చేపలను విడువజాలననియు, వానితోనే చత్తుననియు, లేక వానితోపాటు అమ్ముడుపోదుననియు చెప్పెను. నహుషరాజు తుదకు ఒక గోవును వెలగా ఇచ్చెను. జాలరులు ఆ గోవును మహర్షికే సమర్పింపగా, ఆయన దీవెనచే చేపలును జాలరులును కూడ స్వర్గమునకు పోయిరని కథ. నమ్మి చేరిన ప్రాణిని విడువకుండుట, బ్రతుకుతెరువుకై వల వేసినవానిని ద్వేషింపకుండుట, ఈ రెండును ఒక్క హృదయములోనే ఇముడునని దీని భావముగా నాకు తోచుచున్నది.

కాబట్టి గృహస్థులైన చదువరులకు నేను మనవి చేయునది చిన్న మాట. తినువారు తినవచ్చునా, కూడదా యను పెద్ద వివాదములోనికి నేను దిగుటలేదు. కాని తినువారును బాధను తగ్గింపగలరు. బ్రతికియున్న కొఱ్ఱమీనును బూడిదలో దొర్లించి రుద్దకుండ, ముందు ఒక్క వ్రేటుతో చంపుడని చేపలమ్మునామెతో చెప్పుటకు ఎక్కువ శ్రమ లేదు. తినని వారు తాము పవిత్రులమని మురియక, తమ సరదాల నొకమాఱు సోదా చేసికొనవలెను. ఏ వినోదమునైనను ఈ ప్రశ్న యడిగి చూడుడు: ఇందులో ఎదుటి ప్రాణి బాధపడకపోయినచో నా సంతోషము తగ్గునా? తగ్గనిచో ఆ వినోదములోని బాధను మనము తొలగింపవచ్చును. తగ్గునట్లయినచో ఆ వినోదమునే తొలగింపవలెను.

నా గాలపువేటలో ఈ రెండును కలిసియుండెను. తెల్లవాఱుజాము, మంచు, కదలని నీరు, ఒక బెండుమీద నిలిచిన చూపు, వీనికి గాలముతో పని లేదు. చిన్ననాడు నన్ను కాలువగట్టునకు లాగినది వీనిలో చాలభాగమే. తక్కినది మాత్రము, చక్రము గిరగిర తిరుగునప్పుడు నాలో ఎగసిన ఆ నవ్వు, బాధనుండి పుట్టినది. అది నాలో నున్నదని తెలియుట మంచిదే. దానికి మేత పెట్టుట మంచిది కాదు.

మా విద్యార్థికి తుదకు ప్రత్యుత్తరము వ్రాసితిని. కఱ్ఱ మిక్కిలి మేలైనదనియు, దానిలో లోపమేమియు లేదనియు, లోపము పట్టుకొన్నవానిలో కనబడినదనియు వ్రాసి, జరిగినదంతయు చెప్పితిని. అతనికి కష్టము తోచునేమోయని సంకోచించితిని గాని, గురువని పిలిచినవానికి మెప్పుమాటలు వ్రాసి యూరకుండుట అంతకంటె తప్పని తోచినది. కఱ్ఱను మా యింటి అటకమీద భద్రపఱచితిని. ఆదివారములందు కాలువగట్టునకు పోవుట మానలేదు; చేతిలో నేమియు లేకుండ పోవుచున్నాను. మొన్న అక్కడ జాలరి బాలుడొకడు వెదురుకఱ్ఱతో కూర్చుండి జెల్లలు పట్టుచుండెను. వాని ప్రక్కన కొంతసేపు కూర్చుంటిని. “ఎందుకు పడుతున్నావురా?” అని యడిగితిని. “కూరకండి,” అనెను. ఆ యుత్తరము చెప్పుటకు వానికి ఒక్క క్షణమైనను పట్టలేదు.